ఇంటికి, కొట్టానికి ఏటేటా వచ్చే గడువులు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల పాల సంఘాలకు తనిఖీకి వెళ్ళినపుడు మేము లెక్కల పుస్తకాలు చూడడం ముగించి, సాయంకాలం పాలు పోయడానికి వచ్చే సభ్యులతో కొంతసేపు మాట్లాడుతుంటాము. ఆ మాటలలో ఒక ప్రశ్న తప్పకుండా వేస్తాము. "మీ ఎనుము బీమా ఏ దినంతో ముగుస్తుంది?" అని. పదిమందిని అడిగితే తేదీ చెప్పేవారు ఒకరో ఇద్దరో ఉంటారు. మిగిలినవారి జవాబులు ఇట్లుంటాయి: "ఏరువాక పున్నమికి కట్టినాము సార్", "పీర్ల పండుగ ముందర", "రాఘవేంద్రస్వామి ఆరాధనకు", "ఎమ్మిగనూరు జాతర అయినంక".

ఈ జవాబులను మేము తక్కువ చేసి చూడము. మన పెద్దలు విత్తనం వేసినది, కోత కోసినది, అప్పు తెచ్చినది, తీర్చినది అన్నీ పండుగల లెక్కతోనే. ఆ లెక్కలో ఊరంతా ఒక్కటిగా నడిచింది కనుక ఎవరికీ నష్టం కలుగలేదు. అయితే బీమా కంపెనీ, బ్యాంకు, మునిసిపాలిటీ, సచివాలయం వేసే లెక్క తేదీతో ఉంటుంది. మనం పండుగను గుర్తు పెట్టుకొని, ఆఫీసు తేదీని గుర్తు పెట్టుకొన్నపుడు రెండింటి మధ్య కొన్ని దినాలు ఎవరి లెక్కలోకీ రాకుండా పోతాయి. ఆ కొన్ని దినాలలో ఎంత నష్టం జరుగగలదో మేము కళ్ళారా చూచినందువలన ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ఎమ్మిగనూరు దాటి మంత్రాలయం దారిలో ఉన్న ఒక సంఘంలో ఒక మహిళా సభ్యురాలు. పేరు వ్రాయము. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. రెండవ ఈత ముర్రా ఎనుమును అరవై వేలు పెట్టి కొని, 2022 ఆగస్టు 10వ తేదీన బీమా చేయించినది. ఆ వారమే మంత్రాలయంలో ఆరాధన ఉత్సవాలు. కనుక ఆమెకు అది "ఆరాధన నాటి బీమా" అని గుర్తు. పాలసీ కాగితం మీద మాత్రం 2023 ఆగస్టు 9 అర్ధరాత్రి వరకు అని ఉంది. మరుసటి ఏడు ఆగస్టు 24వ తేదీ రాత్రి కొట్టంలో ఎనుమును పాము కరిచినది. తెల్లవారేసరికి చనిపోయినది. ఆమె చేయవలసినవన్నీ చేసింది. చెవిపోగు తీయలేదు, డాక్టరుకు కబురు పంపింది, పోస్టుమార్టం చేయించింది, కాగితాలన్నీ తెచ్చింది. పాలసీ ముగిసి పదిహేను దినాలైనదని చెప్పినపుడు ఆమె మమ్మల్ని అడిగిన మాట ఇప్పటికీ మరువలేదు.

"ఆరాధననే ఇంకా రాలేదు గదా సార్, గడువు యాడికి పోయింది?"

ఆమె చెప్పినది అబద్ధం కాదు. ఆ ఏడు ఆరాధన ఆగస్టు చివర మొదలై సెప్టెంబరు మొదటివరకు జరిగినది. వారం దినాలు ఆగి పండుగకు కట్టుదామని డబ్బు కూడా పక్కన పెట్టుకొని ఉన్నది. పండుగ ఆలస్యంగా వచ్చినది, గడువు మాత్రం తన తేదీకి తాను ముగిసిపోయినది.

ఇది ఎందుకు జరిగినదో సభ్యులు తెలుసుకొనవలెను. మన తెలుగు నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. అమావాస్య నుండి అమావాస్యకు సుమారు ఇరవై తొమ్మిదిన్నర దినాలు. అట్టి నెలలు పన్నెండు కలిస్తే 354 దినాలు మాత్రమే. ఇంగ్లీషు సంవత్సరం 365 దినాలు. అందువలన మామూలు ఏడాదిలో ప్రతి పండుగా గడచిన ఏటికంటె పది, పదకొండు దినాలు ముందుగా వస్తుంది. ఇట్లే వదిలివేస్తే ఉగాది చలికాలంలోకి, ఏరువాక ఎండాకాలంలోకి జరిగిపోతాయి. అట్లు కాకుండ సుమారు రెండేళ్ళ ఎనిమిది నెలలకు ఒకసారి పంచాంగంలో ఒక అధిక మాసం చేర్చుతారు. అధిక మాసం వచ్చిన ఏట, దాని తరువాత వచ్చే పండుగలన్నీ గడచిన ఏటికంటె పద్దెనిమిది, ఇరవై దినాలు వెనుకకు పోతాయి. 2023లో జూలై 18 నుండి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం. ఆరాధన నిజ శ్రావణంలో గాని జరుగదు. ఆమె ఎనుము పోయినది ఆ సందులోనే.

2026లో అధిక జ్యేష్ఠం ఉన్నది. మే 17 నుండి జూన్ 15 వరకు. 2025లో జూన్ 11న వచ్చిన ఏరువాక పున్నమి 2026లో జూన్ 29న వస్తుంది. 2025 ఏరువాకకు బీమా కట్టి, మరల ఏరువాకకే కట్టుదామనుకొనే సభ్యుని పశువుకు పద్దెనిమిది దినాలు బీమా ఉండదు. వానలు మొదలయ్యే కాలం, పురుగు పుట్ర బయటికి వచ్చే కాలం, పిడుగులు పడే కాలం కూడ అదే.

పీర్ల పండుగ సంగతి వేరు. మన పల్లెలలో హిందువులు, ముస్లింలు కలిసి చేసుకొనే పండుగ కనుక చాలామందికి అదే గుర్తు. ముస్లిం పంచాంగంలో అధిక మాసం లేదు. అందువలన ఆ పండుగ ప్రతి ఏడూ ముందుకే జరుగుతుంది. 2023లో జూలై 29, 2024లో జూలై 17, 2025లో జూలై 6, ఇట్లు. కాబట్టి "పీర్ల పండుగకు కట్టేవారు" ఎప్పుడూ గడువుకు ముందే వస్తారు. వీరిలో బీమా తప్పిపోయినవారు మాకు ఇంతవరకు కనబడలేదు. ఇది వారి జాగ్రత్త అనవలెనో, చంద్రుని దయ అనవలెనో!

ఇంతటితో చిక్కు తీరలేదు. ఆఫీసుల సంవత్సరాలు కూడా అన్నీ ఒకే దినం మొదలు కావు. బ్యాంకులకు, పంచాయతీలకు, మన సంఘాలకు ఏప్రిల్ 1 నుండి మార్చి 31. పాత రికార్డులు తిరగవేస్తే సహకార సంవత్సరం జూన్ 30తో ముగిసేది. భూమి శిస్తు లెక్కలలో నడిచే ఫసలీ జూలై 1న మొదలవుతుంది. 2025 జూలై 1న మొదలైనది 1435 ఫసలీ. బ్యాంకు ఖాతా ద్వారా కట్టే ప్రధానమంత్రి బీమాలకు జూన్ 1 నుండి మే 31. పశువు బీమాకు, పాడి అప్పుకు మీరు తీసుకొన్న దినమే ఉగాది. ఇన్ని సంవత్సరాలను ఒక మనిషి తలలో పెట్టుకొని తిరుగడం మాకే సాధ్యం కాదు, తెల్లవారుజామున మూడు గంటలకు లేచి పాలు పిండే మనిషికి ఎట్లు సాధ్యమవుతుంది?

ఇక ఒక్కొక్క గడువు సంగతి చూద్దాము. ముందు పశువు బీమా.

బీమా సాధారణంగా ఒక సంవత్సరానికి గాని మూడు సంవత్సరాలకు గాని ఇస్తారు. మూడేళ్ళది దొరికినపుడు అదే మేలని మా అభిప్రాయం. గడువు మరచే అవకాశం మూడింట రెండు వంతులు తగ్గుతుంది. జాతీయ లైవ్‌స్టాక్ మిషన్ క్రింద 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం రైతు కట్టవలసిన ప్రీమియం వాటాను 15 శాతానికి తగ్గించినది, ఒక కుటుంబానికి పది పెద్ద పశువుల వరకు వర్తింపజేసినది. ఆ పథకం క్రింద మీ మండలంలో ఎప్పుడు నమోదు చేస్తారో పశువైద్యశాలలో అడిగి తెలుసుకొనవలెను. చెవిపోగు మీద పన్నెండు అంకెల సంఖ్య ఉంటుంది. పాలసీలో అదే సంఖ్య ఉండవలెను. చెవిపోగు ఊడిపోయినపుడు చాలామంది మేకుకు తగిలించి ఊరుకుంటారు. ఇది పెద్ద తప్పు. వెంటనే తెలిపి కొత్త పోగు వేయించి, ఆ కొత్త సంఖ్యను పాలసీలో ఎక్కించుకొనవలెను. పోగు లేని పశువుకు పరిహారం రాదు. మరియొక విషయం: గడువు దాటిన తరువాత కట్టినది కొత్త పాలసీ క్రింద లెక్క. కొత్త పాలసీలో జబ్బు వలన కలిగే మరణానికి మొదటి పదిహేను దినాలు సామాన్యంగా పరిహారం ఉండదు. అంటే పది దినాలు ఆలస్యం చేసినవారు పాత పది, కొత్త పదిహేను కలిపి ఇరవై ఐదు దినాలు నష్టభయంలో ఉంటారు.

పండుగ లెక్క వలన జరిగే రెండవ నష్టం మన కంటికి కనబడదు, ఎందుకంటే అది పరిహారం రూపంలో కాక పాల రూపంలో పోతుంది. అది సూడి లెక్క.

ఎనుము సూడి కాలం సుమారు 310 దినాలు, ఆవుకు 280 దినాలు. ఈనడానికి 60 దినాల ముందు పాలు పిండడం మాన్పించవలెను. పొదుగుకు విశ్రాంతి, కడుపులోని దూడకు బలం ఆ రెండు నెలలలోనే. ఈ సంగతి సభ్యులందరికీ తెలుసు. తెలియనిది సూది వేయించిన తేదీ. ఒక ఉదాహరణ తీసుకొందాము. 2025 నవంబరు 10న ఎనుముకు సూది వేయించినారు. అది కార్తీక బహుళం. ఇరవై ఒక్క దినాలకు, అంటే డిసెంబరు 1 ప్రాంతంలో మరల ఎదకు వచ్చినదా లేదా అని పొద్దున, సాయంకాలం గమనించవలెను. ఎనుములలో మూగ ఎద ఎక్కువ గనుక ఎద కనబడలేదని సూడి కట్టినట్లు కాదు. మూడు నెలలకు, ఫిబ్రవరి 8 ప్రాంతంలో డాక్టరు చేత చూపించవలెను. ఈన వలసినది 2026 సెప్టెంబరు 16 ప్రాంతంలో, అంటే వినాయక చవితి పోయిన రెండు దినాలకు. పాలు మాన్పించవలసినది జూలై 18కి.

ఇదే ఎనుమును పండుగల లెక్కతో చూచే సభ్యుడు "కార్తీకం నుండి పది నెలల పది దినాలు" అని నెలల పేర్లు వ్రేళ్ళ మీద లెక్కపెడతాడు. మార్గశిరం, పుష్యం, మాఘం అంటూ భాద్రపదం వరకు పది. మధ్యలో అధిక జ్యేష్ఠం ఒకటి వచ్చిపోయినది, అది వ్రేళ్ళ మీదికి రాలేదు. ఆయన లెక్కలో ఎనుము ఈనేది అక్టోబరు 12 ప్రాంతానికి, మహాలయ అమావాస్య దాటినాక. అసలు తేదీకి ఇరవై ఆరు దినాలు తేడా! రెండు నెలలు వట్టిపోనివ్వాలన్న నియమం తెలిసిన మంచి సభ్యుడు కూడా ఆగస్టు రెండవ వారం వరకు పాలు పిండుతూనే ఉంటాడు. పొదుగుకు దక్కిన విశ్రాంతి అరవై దినాలకు బదులు ముప్పది నాలుగు దినాలు. తరువాతి ఈతలో పాలు తగ్గితే దాణాను, గాలిని, దిష్టిని అంటారు. ఎనుమును అనేవారు కూడా ఉన్నారు.

టీకాల విషయంలో కథ వేరు. ఇక్కడ సభ్యులు మరచిపోవడం తక్కువ, తప్పించుకోవడం ఎక్కువ. గాలికుంటు టీకా ఆరు నెలలకు ఒకసారి. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ కార్యక్రమం క్రింద దీనిని ఉచితంగా ఇంటి ముందుకే తెచ్చి వేస్తున్నారు. టీకా వేసిన తరువాత రెండు మూడు దినాలు ఒళ్ళు వెచ్చబడి, పాలు కొంత తగ్గవచ్చును. అందుకని టీకా వేసేవారు వీధిలోకి వచ్చినపుడు పాలిచ్చే పశువును చేనికి తోలుకొని పోయినవారిని మేమెరుగుదుము. రెండు మూడు దినాల పాలు కాపాడుకొని, గాలికుంటు వచ్చినపుడు ఆ ఈతలోని పాలన్నీ పోగొట్టుకొన్నవారిని కూడ ఎరుగుదుము. గాలికుంటు తగిలిన పశువు బ్రతికినా, ఎండకు రొప్పడం, ఎదకు రాకపోవడం చాలాకాలం వెంటాడుతాయి. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర కాలంలో ఊరూరి పశువులు ఒకచోట కలుస్తాయి. జాతరకు పశువును తోలదలచినవారు కనీసం మూడు వారాల ముందు టీకా పడినట్లు చూచుకొనవలెను. టీకా వేసిన మరుదినమే రక్షణ రాదు. ఈ జాతర తేదీ కూడ జరుగుతూ ఉంటుంది. పుష్య పున్నమి 2024లో జనవరి 25, 2025లో జనవరి 13, 2026లో జనవరి 3. కనుక "సంక్రాంతి అయినాక వేయిద్దాము" అనుకొంటే ఒక్కొక్క ఏడు జాతరే అయిపోయి ఉంటుంది.

గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే, అంటే మే, జూన్ నెలలలో పడవలెను. నట్టల మందు కూడ వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి. పెయ్యదూడలకు నాలుగు నుండి ఎనిమిది నెలల వయసులో ఈసుకుపోవు వ్యాధి (బ్రూసెల్లా) టీకా జన్మలో ఒక్కసారి వేయవలెను. ఇది ఏటేటా వచ్చే గడువు కాదు గాని, తప్పితే తిరిగి రాని గడువు. ఎనిమిది నెలలు దాటిన దూడకు వేయరు. దూడ పుట్టిన తేదీ వ్రాసి ఉంచనివారు దీనిని తప్పక పోగొట్టుకుంటారు.

మే నెల చివరి వారం గురించి ప్రత్యేకంగా చెప్పవలసి యున్నది. బ్యాంకులో మన సభ్యులలో చాలామంది రెండు బీమాలకు సంతకం చేసి ఉన్నారు. ఒకటి ప్రధానమంత్రి జీవన జ్యోతి, ఏడాదికి 436 రూపాయలు. ఏ కారణం చేత మరణించినా కుటుంబానికి 2 లక్షలు. రెండవది సురక్షా బీమా, ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. మొదటిదానిలో చేరే వయసు 18 నుండి 50, రక్షణ 55 వరకు. రెండవదానికి 18 నుండి 70. ఈ డబ్బు మనం పోయి కట్టము. మే చివరి వారంలో బ్యాంకువారు ఖాతా నుండి తామే తీసుకొంటారు. ఖాతాలో డబ్బు లేకపోతే తీసుకోరు. తీసుకోలేదని ఇంటికి వచ్చి చెప్పరు. జూన్ 1 నుండి బీమా లేదు, అంతే.

మన సభ్యుల ఖాతాలలో పాల బిల్లు పడిన మరునాడే ఉన్నదంతా తీయడం అలవాటు. తప్పు పట్టము, ఇంట్లో అవసరాలు అటువంటివి. మే నెలలో అయితే మరీను. పాలు తగ్గిపోయి, మేత కొనవలసి వచ్చి, విత్తనాలకు డబ్బు చూచుకొనే నెల అది. సరిగ్గా ఆ నెలలోనే ఖాతాలో 456 రూపాయలు మిగిల్చి ఉంచవలసి ఉన్నది. మే నెల మొదటి బిల్లు పడినపుడే ఆ 456ను లేనట్లు భావించి వదిలివేయండి. జూన్ మొదటి వారంలో పాసుపుస్తకం అచ్చు వేయించి రెండు కోతలూ పడినవో లేదో చూడండి. జీవన జ్యోతిలో తప్పిపోయి మరల చేరినవారికి మొదటి ముప్పది దినాలలో ప్రమాదం కాక వేరే కారణంతో మరణం సంభవిస్తే డబ్బు రాదు. ఇది కూడ తెలిసి ఉండవలెను.

కిసాన్ క్రెడిట్ కార్డు మీద పాడికి అప్పు తీసుకొన్నవారి గడువు ఇంకా ఖరీదైనది. 2 లక్షల వరకు వడ్డీ 7 శాతం, గడువులోగా కట్టినవారికి అందులో 3 శాతం తగ్గింపు. లక్ష రూపాయలు తీసుకొని ఏడాది వాడుకొన్న సభ్యుడు గడువు దినానికి కడితే వడ్డీ 4,000. మరునాడు కడితే 7,000, ఆపైన గడువు మీరిన దినాలకు బ్యాంకు మామూలు వడ్డీ. ఒక్క దినానికి మూడు వేలు! అప్పు తీసుకొన్న తేదీ నుండి సంవత్సరం లెక్క గాని, పంట ఇంటికి వచ్చిన దినం నుండి కాదు. ఆదోని మార్కెట్టులో పత్తి ధర పెరుగుతుందని వారం ఆగి, ఆ పెరిగిన ధరను వడ్డీలో పోగొట్టుకొన్న లెక్కలు మేము చూచినాము. పంట బీమా గడువులు, ఈ-పంట నమోదు గడువులు పంటను బట్టి, ఋతువును బట్టి ఏటేటా ప్రకటిస్తారు గనుక వాటిని రైతు సేవా కేంద్రం గోడ మీద చూచి వ్రాసుకొనవలసినదే.

ఇక ఇల్లు. ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలలో ఉంటూ పాలు పోసే సభ్యులు కూడా ఉన్నారు. మునిసిపాలిటీలో ఇంటి పన్ను రెండు అర్ధ సంవత్సరాలకు ఉంటుంది. మొదటిదానికి గడువు జూన్ 30, రెండవదానికి డిసెంబరు 31. దాటితే నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు అప్పుకంటె ఎక్కువ. ఏడాది పన్నంతా ఏప్రిల్ 30లోగా ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు ఉన్నది. వడ్డీ మాఫీ ప్రకటిస్తారని ఎదురుచూచేవారు కొందరున్నారు. మాఫీ వచ్చిన ఏళ్ళు ఉన్నవి, రాని ఏళ్ళూ ఉన్నవి. మేమైతే ఏప్రిల్‌లోనే కడతాము. పల్లెలలోని సభ్యులు పంచాయతీకి కట్టి రశీదు తీసుకొని భద్రపరచవలెను. కొట్టానికి కరెంటు మీటరు కావలెనన్నా, అప్పు కావలెనన్నా ముందు అడిగేది ఆ రశీదునే.

మిద్దెకు చౌడు పోయడం ఏ ఆఫీసూ పెట్టని గడువు. మట్టి మిద్దెలు ఇప్పటికీ మన పడమటి పల్లెలలో ఉన్నాయి. తొలకరికి ముందు పాత చౌడు గీకి కొత్తది పరచి, దోనెలలో చేరిన మన్ను, గడ్డి తీసి, గవాక్షి చుట్టూ పగుళ్ళు పూడ్చవలెను. ఇంటి మిద్దెకు చేసి కొట్టం మిద్దెను వదిలివేసేవారున్నారు. కురిసిన కొట్టంలో తడిసిన బుడ్డల కట్టెకు బూజు పడుతుంది. బూజు పట్టిన మేతలోని విషం పశువు కాలేయాన్ని చెరచడమే గాక పాలలోకీ దిగుతుంది. మేత కొనుగోలుకు కూడ కాలం ఉన్నది. బుడ్డలు పీకే అక్టోబరు, నవంబరులలో కట్టె, జొన్న కోసే ఫిబ్రవరి, మార్చిలలో సొప్ప. మేలో కొనబోయినవారు చెప్పిన ధరకు కొనవలసిందే.

సంఘంలో మీ హక్కుకు కూడా గడువు ఉన్నదని చాలామందికి తెలియదు. ఏడాదిలో ఇన్ని దినాలు, ఇన్ని లీటర్లు పాలు పోసినవారికే ఓటు అని సంఘాల బైలాలలో ఉంటుంది. ఆ లెక్క మార్చి 31తో మూసివేస్తారు. బోనసు కట్టేది ఆ లీటర్ల మీదనే. పండుగ దినాలలో, పెండ్లిళ్ళ కాలంలో బయటివారు రెండు రూపాయలు ఎక్కువ ఇస్తారని పాలు అటు పోసి, ఆ తరువాత మహాజన సభలో ఓటర్ల జాబితాలో పేరు లేదని సెక్రటరీతో పోట్లాడడం చూస్తూనే ఉన్నాము. ఫిబ్రవరిలోనే మీ పాల పుస్తకం చూచి ఎన్ని దినాలు తక్కువ పడినవో లెక్క వేసుకొంటే పోట్లాట ఉండదు. మహాజన సభ సాధారణంగా ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలలలో, సెప్టెంబరు 30లోగా జరుగవలెను. మీ బైలాలో ఏమి వ్రాసుకొన్నారో సెక్రటరీని అడిగి చదివించుకొనండి. చదివి వినిపించడం ఆయన పని.

ఇన్నింటిని గుర్తు పెట్టుకొనే మార్గమేమని అడుగుతారు. తేదీలు వ్రాసుకొనండి అని మేము చాలా ఏళ్ళు చెప్పినాము. సభ్యులు వ్రాసుకొన్నారు కూడ. వ్రాసిన పుస్తకాన్ని ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసినారు. వ్రాయడం కంటె చూడడం కష్టమని మాకు ఆలస్యంగా బోధపడినది. చూడడానికి ఒక దినం కావలెను, ఆ దినం మరువనిదై ఉండవలెను.

అట్టి దినం మన పల్లెలలో ఒకటి ఉన్నది. అమావాస్య. ఆ దినం ఎద్దుల మెడన కాడి పెట్టము, సేద్యం పనులు చేయము. ఏ సభ్యుడూ అమావాస్యను మరువడు. పండుగలవలె అది ముందుకు వెనుకకు జరిగినా, రెండు అమావాస్యల మధ్య ముప్పది దినాలకు మించి ఎన్నడూ ఉండదు. అధిక మాసం వచ్చినా అందులో కూడ ఒక అమావాస్య ఉంటుంది. కనుక ప్రతి అమావాస్య నాడు పుస్తకం తెరచి, ఆనాటి నుండి నలభై ఐదు దినాలలో పడే గడువులు చూచుకొనేవారికి ఏ గడువూ తప్పిపోవడానికి వీలు లేదు. ముప్పది దినాలు చూచినా సరిపోతుంది. అయితే డబ్బు సర్దుకొనడానికి, ఆఫీసుకు తిరగడానికి, రెండవ శనివారాలకు ఇంకొక పదిహేను దినాలు ఉండవలెను.

పుస్తకం పిల్లల పాత నోటు పుస్తకమైనా చాలు. ఒక్కొక్క పశువుకు ఒక పేజీ. పైన పన్నెండు అంకెల చెవిపోగు సంఖ్య, బీమా ముగిసే తేదీ, సూది వేయించిన తేదీ, పాలు మాన్పించవలసిన తేదీ, గాలికుంటు టీకా వేసిన తేదీ. ఇంటికి ఒక పేజీ. పన్ను, అప్పు, బ్యాంకు బీమాలు, కాగితాలు ఏ సంచిలో ఉన్నవో కూడా. తేదీ అంటే దినం, నెల, సంవత్సరం మూడూ వ్రాయవలెను. తెలుగు క్యాలెండరులో ప్రతి గడిలోను తేదీ, తిథి రెండూ అచ్చు వేసి ఉంటాయి. పండుగ పేరు కూడ పక్కన వ్రాసుకొనవచ్చును. కాని ముందు తేదీ. చదువురానివారు బడికి పోయే పిల్లల చేత వ్రాయించుకొని, అమావాస్య నాడు వారి చేతనే చదివించుకొనవలెను. సంఘంలో కూడ సెక్రటరీలు బిల్లు ఇచ్చే దినాన ఆ నెలలో బీమా ముగిసే సభ్యుల పేర్లు బల్ల మీద వ్రాస్తే మంచిది. ఇది ఏ రూలులోను లేదు. సుద్దముక్క ఖర్చు తప్ప వేరే ఖర్చు కూడ లేదు.

మేము మొదట చెప్పిన సభ్యురాలు తరువాత అప్పు చేసి మరియొక ఎనుమును కొన్నది. ఈ మధ్య ఆ సంఘానికి తనిఖీకి పోయినపుడు సాయంకాలం ఆమె పాలు పోయడానికి వచ్చినది. మేము అడుగకముందే బీమా ఏ తేదీతో ముగుస్తుందో చెప్పినది. చిన్న కూతురు కొట్టం గోడ మీద సున్నంతో వ్రాసి పెట్టినదట. చెప్పిన తరువాత క్యాను మూత పెట్టుకుంటూ, "ఈ ఏడు ఆరాధన ఎప్పుడు సార్?" అని మమ్మల్నే అడిగినది.